యంత్రం ఆగిన వేళ



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన సిగ్నల్ మెయింటెయినర్‌గా ఉద్యోగంలో చేరి ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. తనను పొగడొద్దు, పని గురించి మాట్లాడుకోండి అని ఇంట్లోవాళ్ళకి చెప్పి పోయారట. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఆ మాట జవదాటను. రిలే గదిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి ఆయన వేసే మొదటి ప్రశ్న "ఇది పాడైతే ఏమవుతుంది?" అని. ఎలా పనిచేస్తుందన్నది ఆ తర్వాత. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ ప్రశ్నకు పొడిగింపే. రైలుతో మొదలుపెట్టి, కరెంటు స్తంభం మీదుగా, రేషన్ షాపు దాకా వెళ్తాను.

ముందు ట్రాక్ సర్క్యూట్. తెలిసినవాళ్ళు మన్నించాలి, తెలియనివాళ్ళ కోసం కాస్త నిదానంగా చెబుతాను. పట్టాలను కొంత కొంత పొడవున విడదీసి, ముక్కకీ ముక్కకీ మధ్య కరెంటు దాటకుండా ఇన్సులేటెడ్ జాయింటు పెడతారు. ఒక ముక్కకి ఒక చివర చిన్న బ్యాటరీ ఉంటుంది, రెండో చివర రిలే ఉంటుంది. బ్యాటరీ నుంచి బయల్దేరిన కొద్దిపాటి కరెంటు ఒక పట్టా మీదుగా వెళ్ళి, రిలే చుట్టలోంచి తిరిగి, రెండో పట్టా మీదుగా వెనక్కి వస్తుంది. ఆ కరెంటు అందుతున్నంతసేపు రిలేలోని ఆర్మేచరు పైకి లేచి ఉంటుంది. లేచి ఉంటే లైను ఖాళీ అని లెక్క. బండి ఆ ముక్క మీదికి రాగానే చక్రాలూ ఇరుసూ కలిసి రెండు పట్టాలనీ కలిపేస్తాయి. కరెంటు దగ్గరి దారి చూసుకుని ఇరుసులోంచే తిరిగిపోతుంది. రిలేకి అందదు. ఆర్మేచరు తన బరువుకు తానే కింద పడుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది.

ఇప్పుడు మా గురువుగారి ప్రశ్న వేద్దాం. బ్యాటరీ అయిపోతే? రిలేకి కరెంటు అందదు, సిగ్నల్ ఎరుపు. దొంగలు కేబుల్ కోసుకుపోతే? ఎరుపు. పట్టా విరిగితే? చాలాసార్లు ఎరుపే. వానకి పట్టాలు నీట మునిగితే? కరెంటు నీళ్ళలోంచే అటునుంచి ఇటు దాటిపోతుంది కాబట్టి అప్పుడూ ఎరుపే. బండి లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. బండి ఉన్నప్పుడు లేనట్టు చూపించకూడదన్నదే దాని పుట్టుక. ఇది అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు. ఆయన మొదట చేసింది దీనికి తలకిందులు: బండి వచ్చినప్పుడు కరెంటు ప్రవహించి ప్రమాదాన్ని చూపించేది. అందులో తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా సిగ్నల్ హాయిగా దారి ఇచ్చేస్తుంది. ఆ లోపం గమనించి ఆయన మొత్తం తిరగేశాడు. భద్రత అనేది పరికరం నాణ్యతలో ఉందని చాలామంది అనుకుంటారు. రాబిన్సన్ వాడిన బ్యాటరీ, తీగ, రిలే రెండు ఏర్పాట్లలోనూ అవే. మారింది అవి ఎటువైపు చెడిపోవాలన్న నిర్ణయం మాత్రమే.

అదే నిర్ణయం రెక్క సిగ్నళ్ళలోకి పుస్తకాల్లోంచి రాలేదు, శవాల మధ్య నుంచి వచ్చింది. 1876 జనవరి 21న ఇంగ్లండులో అబాట్స్ రిప్టన్ దగ్గర మంచు తుఫాను. అప్పట్లో అక్కడి సిగ్నళ్ళు మామూలుగా "పో" అని చూపిస్తూ ఉండేవి, అవసరమైనప్పుడే "ఆగు" అని మార్చేవారు. సిగ్నల్ చెయ్యి స్తంభానికున్న చీలికలోకి దిగిందంటే దారి ఉన్నట్టు. ఆ చీలికలో మంచు గడ్డకట్టి చెయ్యి ఇరుక్కుపోయింది. కేబిన్‌లో లీవరు మార్చినా అది పైకి లేవలేదు. బొగ్గు బండిని పక్కకి తప్పిస్తూ ఉండగా వెనకనుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చి గుద్దింది. ఆ శకలాల మీదికి ఎదుటి దిక్కునుంచి ఇంకో ఎక్స్‌ప్రెస్ వచ్చి పడింది. ఆ తర్వాత "ఆగు" అన్నదే సిగ్నల్ మామూలు స్థితి అయింది. మన దేశంలో మీరు చూసిన పాత రెక్క సిగ్నళ్ళన్నీ ఆ పాఠం నేర్చుకున్నవే. తీగ తెగితే రెక్క అడ్డంగా వచ్చి నిలబడుతుంది, అడ్డంగా ఉంటే ఆగాలి.

పదమూడేళ్ళ తర్వాత, 1889 జూన్ 12న, ఐర్లండులో ఆర్మా దగ్గర సండే స్కూలు పిల్లల్ని విహారానికి తీసుకెళ్తున్న బండి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. వెనక పెట్టెలు విడదీసి, ముందు పెట్టెల్ని మొదట తీసుకుపోదామనుకున్నారు. విడదీసిన పెట్టెలకు ఇంజనుతో సంబంధం తెగింది, దాంతో బ్రేకూ పోయింది. చక్రాల కింద రాళ్ళు పెట్టారు. ఆ రాళ్ళు ఆగలేదు. పెట్టెలు వెనక్కి దొర్లి, వెనక వస్తున్న బండిని గుద్దాయి. సుమారు 80 మంది పోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, ప్రయాణికుల బండ్లకి గొట్టం ఊడితే తనంతట తానే పట్టేసే బ్రేకును తప్పనిసరి చేసింది. అలాంటి బ్రేకు అప్పటికే ఉంది. చట్టం రావడానికి మాత్రం అంతమంది పోవాల్సి వచ్చింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కుదుట పడదు.

ఇంతవరకూ యంత్రం కథ. నేను అసలు మాట్లాడదలచుకున్నది దీని తర్వాతి ఘట్టం. సిగ్నల్ ఎర్రబడింది, బండి ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. బాగుంది. కానీ బండి అక్కడే ఉండిపోదు కదా. వెనక నాలుగు బండ్లు ఉంటాయి. కంట్రోలు ఆఫీసు నుంచి ఫోన్లు మొదలవుతాయి. ప్లాట్‌ఫారం మీద జనం స్టేషన్ మాస్టరు గది తలుపు దగ్గర మూగుతారు. యంత్రం తన పని తాను చేసి పక్కకి తప్పుకుంది. ఇక్కణ్ణుంచి బండిని కదిలించాల్సింది మనిషి. నూట యాభై ఏళ్ళలో పోగైన జాగ్రత్తంతా ఆ క్షణాన ఒక మనిషి చేతిలోకి, ఒక కాగితం మీదికి వస్తుంది. మన కాలపు పెద్ద ప్రమాదాలను వరసగా చదివితే వాటిలో చాలా ఇక్కడే కనిపిస్తాయి.

ఆ కాగితం విలువ తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి. 1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులో నార్విచ్ దగ్గర థోర్ప్ అనే చోట, సింగిల్ లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. పాతిక మంది దాకా చనిపోయారు. కారణం ఒక టెలిగ్రామ్. అవతలి స్టేషన్ నుంచి మెయిలు బండిని పంపమని ఇన్‌స్పెక్టరు సందేశం రాశాడు, కింద సంతకం చేయలేదు. సంతకం లేని సందేశాన్ని గుమాస్తా పంపకూడదు, పంపేశాడు. ఇన్‌స్పెక్టరు తన సందేశం ఇంకా వెళ్ళలేదనుకుని ఇటునుంచి ఎక్స్‌ప్రెస్‌ని వదిలాడు. సంగతి తెలిసి, మెయిలుని ఆపమని తంతి కొట్టేసరికి అది బయల్దేరిపోయిందని జవాబొచ్చింది. అప్పటికి ఆ రెండు బండ్లనీ ఆపగలిగే దారి లేదు. ఆ గదిలో నిలబడ్డ ఆ ఇద్దరి స్థితిని ఊహించండి.

ఆ దుర్ఘటన చూసి ఎడ్వర్డ్ టయర్ తయారుచేసిందే ఎలక్ట్రిక్ టాబ్లెట్ యంత్రం, 1878లో పేటెంటు. దాని వంశంలోదే మన సింగిల్ లైన్ల మీద ఏళ్ళ తరబడి నడిచిన నీల్స్ బాల్ టోకెన్. ఈ సభలో నెరిసిన తలలున్న చాలామంది ఆ గోళాన్ని చేత్తో పట్టుకున్నవాళ్ళే. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, మధ్య తీగ. ఇవతలి స్టేషన్ మాస్టరు గంట కొడతాడు, అవతలాయన జవాబు గంట కొడతాడు, ఫోన్లో బండి నంబరు చెప్పుకుంటారు. అవతలాయన తన హ్యాండిల్ని "ట్రైన్ కమింగ్ ఫ్రమ్" వైపు తిప్పితేనే ఇవతలి హ్యాండిల్ "ట్రైన్ గోయింగ్ టు" వైపు తిరుగుతుంది. అప్పుడు పెట్టెలోంచి ఇనుప గోళం దొర్లి బయటికొస్తుంది. ఒకటి బయటికొచ్చాక, అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండు స్టేషన్లలో ఎవరు ఎంత తంటాలు పడ్డా రెండోది రాదు. గోళం మీద ఆ సెక్షన్ రెండు చివర్ల స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. దాన్ని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తపు రింగుకి కట్టి, ఆగని బండి అయితే పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం అంచున నిలబడి రింగు పైకెత్తి పట్టుకుంటాడు. ఇంజనులోంచి ఫైర్‌మన్ చెయ్యి చాపి మోచేతికి తగిలించుకుంటాడు. వెంటనే సంచి విప్పి, గోళం మీది పేర్లు చదివి, తమ సెక్షన్‌దేనని డ్రైవరు చూసుకోవాలి. అంతవరకూ బండికి ముందుకు పోయే హక్కు లేదు. థోర్ప్‌లో గాలిలో తేలిన మాటని టయర్, నీల్ లాంటివాళ్ళు చేత్తో పట్టుకోగలిగే వస్తువుగా మార్చారు. నాకు తెలిసిన యంత్రాల్లో ఇంత మర్యాదైన యంత్రం ఇంకోటి లేదు.

మరి ఆ యంత్రం పాడైతే? అప్పుడు పేపర్ లైన్ క్లియర్, అంటే లైను ఖాళీగా ఉంది, బండిని పంపొచ్చన్న ఒప్పుదల కాగితం మీద. ఇక్కడ ప్రైవేట్ నంబరు అనే ఏర్పాటు వస్తుంది, బయటివాళ్ళకి ఇది తెలియదు. ప్రతి స్టేషన్ మాస్టరు దగ్గరా వరస లేని రెండంకెల సంఖ్యల షీటు ఒకటి ఉంటుంది. అవతలి స్టేషన్ మాస్టరు ఫోన్లో లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు తన షీటులోంచి ఒక సంఖ్య చెబుతాడు, చెప్పి దాన్ని కొట్టేసి పక్కన బండి నంబరు, టైము రాసుకుంటాడు. ఇవతలాయన ఆ సంఖ్యని కాగితం మీద రాసి డ్రైవరుకి ఇస్తాడు. ఆ సంఖ్య ఇవతలాయనకు ముందు తెలిసే వీలు లేదు. కాబట్టి కాగితం మీద ఆ సంఖ్య ఉందంటే అవతలి మనిషి నిజంగా ఫోనెత్తి, నిజంగా ఒప్పుకున్నాడన్నదానికి సాక్ష్యం. యంత్రం ఆగిపోయినా రుజువు ఆగకూడదని ఎవరో శ్రద్ధగా ఆలోచించిన పని ఇది. థోర్ప్ టెలిగ్రామ్‌లో లోపించిన సంతకం రెండంకెల రూపంలో మన స్టేషన్లలోకి వచ్చి కూర్చుంది.

ఏర్పాటు ఇంత గట్టిది. అయినా ఎక్కడ తెగుతోంది? 1999 ఆగస్టు 2న కిషన్‌గంజ్ స్టేషన్‌లో సిగ్నల్ పనులు జరుగుతున్నాయి. సిగ్నళ్ళకీ పాయింట్లకీ ముడివేసే ఇంటర్‌లాకింగ్ విప్పి, బండిని లైను మళ్ళించే ఆ పాయింట్లను చేత్తో నడుపుతున్నారు. అవధ్ అస్సాం ఎక్స్‌ప్రెస్ తప్పు లైన్లోకి మళ్ళింది. అది గైసల్ దాకా అలాగే పోయి, ఎదురుగా వస్తున్న బ్రహ్మపుత్ర మెయిల్‌ని గుద్దింది. 280 మందికి పైగా పోయారు. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనగా బజార్‌లో లెవెల్ క్రాసింగ్ గేటు పరికరం మార్చే పని. పట్టాల పక్కన సిగ్నల్ పరికరాలుండే చిన్న గదిలో, అంటే గుమ్టీలో, గతంలో మార్చిన వైరింగ్‌లోనే తప్పుంది. మెయిన్ లైనుకి పచ్చ సిగ్నల్ పడింది, పాయింట్లు మాత్రం లూప్ లైనుకి ఉన్నాయి. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉన్న గూడ్సుని గుద్దింది. ఆ ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ మీదుగా చెన్నై వెళ్తుంది. ఆ రాత్రి మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. అదే డివిజన్‌లో ఇంకో స్టేషన్‌లో 2022 మేలో ఇలాంటి వైరింగ్ తప్పే బయటపడింది. దాన్నప్పుడే పట్టించుకుని ఉంటే బాలాసోర్ జరిగేది కాదని విచారణ నివేదిక చెప్పింది. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య పలాస ప్యాసింజరుని వెనకనుంచి రాయగడ ప్యాసింజరు గుద్దింది. 14 మంది. చెడిపోయిన ఆటోమేటిక్ సిగ్నళ్ళ దగ్గర ఆగి, ఆ తర్వాత అతి నెమ్మదిగా పోవాలన్న నియమం అక్కడ పాటించలేదని ప్రాథమిక విచారణ తేల్చింది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలచివేసింది ఇంకోటి ఉంది. 2024 జూన్ 17, పశ్చిమ బెంగాల్‌లో రంగపాని, చత్తర్‌హాట్ స్టేషన్ల మధ్య. పొద్దుటి నుంచే ఆ సెక్షన్‌లో ఆటోమేటిక్ సిగ్నళ్ళు పనిచేయడం లేదు. రంగపానిలో ప్రతి బండికీ ఒక కాగితం ఇచ్చి పంపుతున్నారు. ఫలానా ఫలానా నంబరు సిగ్నళ్ళు ఎర్రగా ఉన్నా దాటవచ్చని ఆ కాగితం సారాంశం. ఎంత వేగంతో పోవాలో అందులో లేదు. అసలు సిగ్నళ్ళన్నీ ఒకేసారి పోయినప్పుడు ఇవ్వాల్సిన ఫారం అది కాదు. సెక్షన్‌లో ఒక బండి పూర్తిగా దాటాకే రెండోదాన్ని పంపే పద్ధతికి మారి, దానికి తగ్గ వేరే ఫారం ఇవ్వాలి. చేతిలోని కాగితానికి ఒక్కో డ్రైవరు ఒక్కో అర్థం చెప్పుకున్నాడు. ఆ ఉదయం ఆ కాగితంతో సెక్షన్‌లోకి వెళ్ళిన బండ్లలో గంటకి 15 కిలోమీటర్లు దాటకుండా, ప్రతి చెడిపోయిన సిగ్నల్ దగ్గరా ఆగి ఆగి వెళ్ళింది ఒక్క కాంచనజంగా ఎక్స్‌ప్రెస్ మాత్రమే. మిగతావన్నీ మామూలు వేగంతోనే పోయాయి. కాంచనజంగా వెనక ఒక గూడ్సు బండి అదే కాగితంతో బయల్దేరింది. నియమం పాటించి నెమ్మదిగా పోతున్న బండిని, అందరిలాగే పోతున్న బండి గుద్దింది.

ఈ మాటని ఇంకోసారి చెప్పనివ్వండి. ఆ ఉదయం ఆ పట్టాల మీద నియమం పాటించినవాడు ఒక్కడు, ప్రమాదంలో పడిందీ అతని బండే. తప్పు గూడ్సు డ్రైవరుదని ప్రమాదం జరిగిన రోజునే ప్రకటన వచ్చింది. ఆ డ్రైవరు చనిపోయాడు, జవాబు చెప్పుకోవడానికి లేడు. తర్వాత రైల్వే భద్రతా కమిషనరు విచారించి, ఇది జరగడానికి ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న ప్రమాదమనీ, ఆటోమేటిక్ సిగ్నళ్ళు పోయినప్పుడు ఏం చేయాలో డ్రైవర్లకీ స్టేషన్ మాస్టర్లకీ సరిగా నేర్పలేదనీ తేల్చారు. ఇక్కడ ఒక సంగతి గుర్తించాలి. ఆ కమిషనరు రైల్వే శాఖ మనిషి కాదు. 1941లోనే ఆ తనిఖీ యంత్రాంగాన్ని రైల్వే బోర్డు నుంచి విడదీశారు, ఇప్పుడది పౌర విమానయాన శాఖ కింద ఉంది. దక్షిణ మధ్య రైల్వేకి సంబంధించిన కమిషనరు కార్యాలయం ఇక్కడే సికిందరాబాద్‌లో ఉంది. బండి నడిపే శాఖ వేరు, తప్పు వెతికే శాఖ వేరు అన్న ఆ ఒక్క ఏర్పాటు లేకపోతే, రంగపాని కథ ఆ రోజు ప్రకటనతోనే ముగిసిపోయి ఉండేది.

నియమం తెలియక ఇలా జరుగుతుందా? కొంత అంతే. మొత్తం అదే కాదు. ఆటోమేటిక్ సిగ్నళ్ళు రోజూ పనిచేస్తాయి కాబట్టే అవి పోయిన రోజు పద్ధతి ఎవరికీ చేతికి అలవాటై ఉండదు. పరికరం ఎంత మంచిదైతే, అది ఆగినప్పుడు మనిషి అంత కొత్తవాడవుతాడు. పేపర్ లైన్ క్లియర్ వారానికోసారి రాయాల్సి వచ్చిన రోజుల్లో స్టేషన్ మాస్టరు చెయ్యి దానంతటదే రాసేది. ఇప్పుడు ఏడాదికోసారి, అదీ అర్ధరాత్రి, అదీ కంట్రోలు ఫోను చెవిలో మోగుతూ ఉండగా రాయాలి. పైగా ఫారాలు చూడండి. పేర్లన్నీ అక్షరాలూ అంకెలూ, ఒకదానికీ ఇంకోదానికీ ఒక్క అక్షరం తేడా. అలసిన మనిషి రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి, ఎంచుకున్నది తప్పైతే ఆ కాగితంలో ఎక్కడా ఏదీ అతన్ని ఆపదు. గోళం తన మీది పేర్లతో డ్రైవరుని ఆపేది. కాగితం ఆపదు.

రైల్వేలో నేను అడిగేది రెండే. సిగ్నళ్ళు బాగా పనిచేస్తున్న రోజునే, బండ్లు తక్కువగా ఉన్న వేళ చూసి, ప్రతి స్టేషన్‌లోనూ తరచుగా ఈ చేతి పద్ధతిని నడిపించాలి. 1957లో ఇక్కడ సికిందరాబాద్‌లో మొదలైన ఇరిసెట్‌లో సిగ్నల్ ఇంజనీర్లకి పరికరాలు ఎలా బిగించాలో చాలా బాగా నేర్పుతారు. ఆ పరికరం ఆగిన రాత్రి స్టేషన్ మాస్టరు టేబుల్ మీద ఏమేం ఉంటాయో, అతని ఫోన్లో ఎవరెవరు ఏమేం అడుగుతారో కూడా ఆ ఇంజనీర్లు అక్కడ కూర్చుని చూడాలి. రెండోది, డ్రైవరు చేతికిచ్చే ప్రతి కాగితంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో వేగం ఉండాలి, అది అతనికి వచ్చిన భాషలో ఉండాలి.

కవచ్ వచ్చింది కదా, ఇంకా ఈ పాత సంగతులెందుకని విద్యార్థులు అడగవచ్చు. కవచ్ గురించి నాకు గర్వం ఉంది. పట్టాల మధ్య ట్యాగులు, ఇంజనుకీ స్టేషన్‌కీ మధ్య రేడియో, డ్రైవరు ఎరుపు దాటబోతే తానే బ్రేకు వేసే పరికరం. ప్రయాణికుల బండ్ల మీద దాని పరీక్షలు 2016లో మన దక్షిణ మధ్య రైల్వేలోనే మొదలయ్యాయి. దాన్ని మొదట తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. రంగపాని సెక్షన్‌లో కవచ్ ఉండి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను, దేశమంతా త్వరగా రావాలి. కానీ కవచ్‌కి కూడా దాన్ని పక్కనపెట్టి బండి నడిపే స్థితి ఒకటి ఉంటుంది. రేడియో పనిచేయకపోవచ్చు, ఇంజనులోని పరికరం చెడవచ్చు. అప్పుడూ బండి కదలాలి, అప్పుడూ ఒక మనిషి, ఒక కాగితం. మా గురువుగారి ప్రశ్న కవచ్‌నీ వదలదు.

ఇక్కడి నుంచి కరెంటు స్తంభం దగ్గరికి రండి. మన ఊళ్ళలో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు "ఎల్సీ తీసుకున్నావా?" అని అడుగుతారు. ఎల్సీ అంటే లైన్ క్లియరే, మన రైలు మాటే. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఫలానా ఫీడరు బ్రేకరు ఆపి, ఐసొలేటరు తెరిచి, అక్కడ పని జరుగుతోందని బోర్డు తగిలించి, రిజిస్టరులో పేరూ టైమూ రాయాలి. పని చోట లైన్‌మన్ ఏబీ స్విచ్ తెరిచి, తీగలో కరెంటు లేదని పరీక్షించి, రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించి, అప్పుడు ఎక్కాలి. ఆ ఎర్త్ రాడ్లు ట్రాక్ సర్క్యూట్‌కి అన్నదమ్ములు. ఎవరైనా పొరపాటున బ్రేకరు వేసినా, ఎవరింట్లోనో జనరేటరు వెనక్కి తన్నినా, కరెంటు మనిషిలోంచి పోకుండా భూమిలోకి పోతుంది.

పేపర్లో మూడు వరసల వార్త ఒకటి తరచుగా చూస్తుంటాం. ఎల్సీ తీసుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ విద్యుదాఘాతంతో మృతి. ఆ మూడు వరసల వెనక ఏముంటుందో ఈ రంగంలోవాళ్ళకి తెలుసు. ఎల్సీ ఫోన్లో నోటిమాటగా తీసుకున్నారు. లేదా ఒకే స్తంభం మీద రెండు ఫీడర్ల తీగలున్నాయి, ఆపింది ఒకటే. లేదా ఒకే ఎల్సీ మీద రెండు చోట్ల పని జరుగుతోంది, ఒక చోట అయిపోగానే ఎల్సీ తిరిగి ఇచ్చేశారు, రెండో చోట మనిషి ఇంకా పైనే ఉన్నాడు. లేదా రాడ్లు ఆఫీసులోనే ఉన్నాయి. ఊరంతా చీకట్లో ఉంది, పైరుకి నీళ్ళు కావాలి, సర్పంచి ఫోను చేస్తున్నాడు, త్వరగా ఎక్కు. థోర్ప్ గుమాస్తాకీ ఈ లైన్‌మన్‌కీ మధ్య నూట యాభై ఏళ్ళ దూరం ఉంది. అయినా సంతకం లేని మాట మీద ప్రాణం పెట్టడం మాత్రం అదే. స్టేషన్ మాస్టరుకి ప్రైవేట్ నంబరు ఇచ్చిన దేశంలోనే లైన్‌మన్‌కి అలాంటిదొకటి ప్రతిచోటా ఎందుకు అందలేదు? ఒక్కో గ్యాంగుకీ వేరే ఎల్సీ, ఒక్కో ఎల్సీకీ తిరగరాని సంఖ్య, ఆ సంఖ్య చెప్పినవాడే తిరిగి ఇస్తేనే బ్రేకరు వేయాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. కాంట్రాక్టు మనిషికైనా పర్మనెంటు మనిషికైనా ఒకే నియమం ఉండాలి, ఎందుకంటే తీగకి ఆ తేడా తెలియదు.

చివరగా రేషన్ షాపు. ఇక్కడ ఇంతసేపు చెప్పిందంతా తిరగబడుతుంది. ఇక్కడికి రావడానికే ఇంత దూరం నడిచాను.

ఈ-పాస్ యంత్రం దగ్గర ఒక ముసలావిడ నిలబడి ఉంది. జీవితమంతా నాట్లు వేసి, కోతలు కోసి, అంట్లు తోమిన వేళ్ళు. గీతలు అరిగిపోయాయి. బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు, పడలేదు. డీలరు కొంగుతో తుడుచుకోమన్నాడు, తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎడమ చెయ్యి పెట్టమన్నాడు. ఆ తర్వాత సర్వరే పోయింది. రేపు రామ్మా అన్నాడు. అతను దుర్మార్గుడేం కాదు, వెనక ఇరవై మంది ఉన్నారు. ఆవిడ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రుజువు దొరకలేదు, కాబట్టి యంత్రం ఆపేసింది. ట్రాక్ సర్క్యూట్ చేసిందీ అదే కదా? యంత్రం మట్టుకు అదే. కానీ ఆపినందువల్ల నష్టం ఎవరి మీద పడుతోందో చూడండి. సిగ్నల్ ఎర్రబడితే పెట్టెల్లో ఉన్న వెయ్యి మందికీ తలా కొంచెం ఆలస్యం, అందరి ప్రాణాలూ భద్రం. రేషన్ యంత్రం ఎర్రబడితే నష్టమంతా ఒక్క ముసలావిడ పొయ్యి మీద పడుతుంది. పొరపాటున ఒక అనర్హుడికి అయిదు కిలోల బియ్యం పోతే ప్రభుత్వానికి కలిగే నష్టాన్ని కొలవవచ్చు, వెనక్కి రాబట్టనూ వచ్చు. ఆవిడ పస్తుని ఎవరు కొలుస్తారు, ఏ పద్దులో రాబడతారు? రైలుకి భద్రమైన దిక్కు ఆగడం. అన్నానికి భద్రమైన దిక్కు ఇవ్వడం. ఇది నా కవిత్వం కాదు. ఆధార్ లేదనో వేలిముద్ర పడలేదనో ఎవరికీ సరుకు ఆపొద్దనీ, ఇచ్చి మినహాయింపు రిజిస్టరులో రాసుకోమనీ 2017లో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. వేలిముద్ర పడనివాళ్ళ తరఫున వీఆర్వో వేలిముద్రతో ఇచ్చే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో నడిచింది. అంటే యంత్రం ఆగిన వేళకి దారి కాగితం మీద ఉంది. వీఆర్వో ఆ రోజు మండలం ఆఫీసులో మీటింగుకి వెళ్తే, ఆ రిజిస్టరు డీలరు ఎప్పుడూ కళ్ళజూడకపోతే, కాగితం మీది దారి ముసలావిడ దాకా రాదు. రంగపానిలో వేరే ఫారం ఉండీ డ్రైవరు చేతికి రానట్టే.

ఎటు చెడిపోవాలన్న నిర్ణయం యంత్రం కొన్న రోజే జరగాలి. ఇది పాడైతే ఎటు మొగ్గాలి, అప్పుడు ఎవరి మాట చెల్లాలి, ఆ మాటకి రుజువేమిటి, ఆ మనిషి ఊళ్ళో లేకపోతే తర్వాతివాడెవరు. టెండరు కాగితంలో యంత్రం తూకం, బ్యాటరీ గంటలు, తెర సైజు అన్నీ రాస్తారు. ఈ నాలుగు ముక్కలు మాత్రం రాయరు. అవి రాయించే అధికారం ఉన్నవాళ్ళు కొందరు ఈ సభలోనే ఉన్నారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

విద్యార్థులకు ఒక పని అప్పగించి ముగిస్తాను. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు మీ రేషన్ షాపుకి వెళ్ళి, వేలిముద్ర పడనివాళ్ళకి సరుకు ఎలా ఇస్తున్నారో, అది ఎక్కడ రాస్తున్నారో చూపించమని మర్యాదగా అడగండి. పోయిన నెల అందులో ఎన్ని పేర్లున్నాయో చూడండి. ఒక్క పేరూ లేకపోతే సంతోషపడకండి, ఆ నెల ఊళ్ళో వేలిముద్ర పడకుండా ఖాళీ సంచితో వెళ్ళినవాళ్ళెవరో వీధిలో కనుక్కోండి. వాళ్ళ పేర్లు రాసుకుని తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకుని రండి.